అతిత్లాన్ సరస్సు ఒడ్డున కాపురం: ఇల్లు, పడవ, వంట, పలకరింపు

మధ్య అమెరికా దేశమైన గ్వాటెమాలాలో, అతిత్లాన్ సరస్సు ఒడ్డున ఉన్న పనహచెల్ ఊరికి కాపురానికి వచ్చే ప్రతివారికీ నేను ముందుగా సరస్సు సంగతి చెబుతాను. ఇల్లు ఎక్కడ చూసుకోవాలో, ఏ వేళకు పడవ ఎక్కాలో, చివరికి పప్పు ఎంతసేపు ఉడకాలో కూడా ఇక్కడ ఆ సరస్సే, అది ఉన్న ఎత్తే నిర్ణయిస్తాయి. అతిత్లాన్ సరస్సు సముద్రమట్టానికి సుమారు 1,560 మీటర్ల ఎత్తున, వేల ఏళ్ల కిందటి మహా విస్ఫోటనంలో కుంగిపోయిన అగ్నిపర్వత గర్భంలో ఏర్పడింది. దాని లోతు 300 మీటర్లకు పైమాటే. దక్షిణపు ఒడ్డున సాన్ పెద్రో, తొలిమాన్, అతిత్లాన్ అనే మూడు అగ్నిపర్వతాలు నిలబడి ఉంటాయి. నదులు వచ్చి కలుస్తాయి గాని, కంటికి కనిపించేలా నీరు బయటికి పోయే దారి ఒక్కటీ లేదు. కొత్తగా వచ్చినవారు చేసే పెద్ద పొరపాట్లలో చాలావరకు ఈ చివరి మాటను పట్టించుకోకపోవడం వల్లనే జరుగుతాయి.

ఇల్లు చూసుకునేటప్పుడు

మొదటి నెలకు అతిథిగృహంలో గది తీసుకుని, ఊరంతా కాలినడకన తిరిగి, ఆ తర్వాతే అద్దె ఇల్లు ఖాయం చేసుకోవాలి. దూరం నుంచి ఫోటోలు చూసి ఆరు నెలల అద్దె ముందుగా పంపవద్దు. బయటికి దారిలేని సరస్సు గనుక పెద్ద వానలు పడిన ఏళ్లలో నీటిమట్టం పెరుగుతుంది. 2010లో అగాతా తుఫాను వచ్చిన తర్వాతి కాలంలో నీరు కొన్ని మీటర్లు పైకి వచ్చి, ఒడ్డున కట్టిన ఇళ్లను, తోటలను, పడవల రేవులను ముంచేసింది. నీళ్లలో సగం మునిగిన గోడలు చాలాకాలం అలాగే కనిపించేవి. కాబట్టి గడప దాటితే నీళ్లున్న ఇల్లు ఎంత అందంగా ఉన్నా, నీటికి అది ఎంత ఎత్తున ఉందో చూడాలి, ఆ ఏళ్లలో నీరు ఎక్కడిదాకా వచ్చిందో పక్కింటి ముసలివారిని అడగాలి. వారు చేత్తో చూపించే గుర్తు ఏ దళారి మాటకన్నా నమ్మదగినది.

అలాగే పనహచెల్ నది పక్కన, నిట్టనిలువు కొండచరియ కింద ఇల్లు తీసుకోవద్దు. ఎండాకాలంలో ఆ నది రాళ్ల మధ్య పారే సన్నటి పాయలా ఉంటుంది. 2005 అక్టోబరులో స్టాన్ తుఫాను వచ్చినప్పుడు అదే నది ఉప్పొంగి ఒడ్డున ఉన్న ఇళ్లను కోసుకుపోయింది. సరస్సుకు అవతల సాంతియాగో అతిత్లాన్ శివారులోని పనబాహ్ గ్రామాన్ని బురద చరియ కప్పేయగా వందలమంది చనిపోయారు. ఇక్కడ మే నుంచి అక్టోబరు దాకా వానలు పడతాయి. ఆ కాలాన్ని ఇక్కడివారు ‘ఇన్వియెర్నో’ అంటారు, అంటే శీతకాలమని అర్థం. నవంబరు నుంచి ఏప్రిల్ దాకా ఉండే పొడి కాలాన్ని వేసవి అంటారు. డిసెంబరు, జనవరి రాత్రులలో వణికించే చలి ఉన్నా దాని పేరు వేసవే. అద్దె కాగితంలోనో మాటల్లోనో ‘శీతకాలం’ అని వినబడితే వానాకాలమని అర్థం చేసుకోవాలి.

ఇంటి లోపల చూడవలసినవి కొన్ని ఉన్నాయి. నీటి ట్యాంకు ఎంతుందో, మోటారు పనిచేస్తుందో లేదో చూడాలి. స్నానాల గదిలో వేడినీళ్లకు షవరు తలకే అమర్చిన విద్యుత్ పరికరం ఉంటే దానికి ఎర్తింగు ఉందో లేదో విద్యుత్ పనివానితో చూపించాలి. ఇక ప్రతి ఇంటి పెరట్లోనూ ‘పీలా’ అనే సిమెంటు తొట్టి ఉంటుంది. మధ్యలో నీటి తొట్టి, పక్కన గిన్నెలు తోమేందుకూ బట్టలు ఉతికేందుకూ గాడులు తీసిన పలకలు ఉంటాయి. మధ్య తొట్టిలోని నీళ్లు ఇంటిల్లిపాదికీ వాడకం నీళ్లు కాబట్టి అందులో చేతులు గాని ఎంగిలి గిన్నెలు గాని ముంచకూడదు. చెంబుతో ముంచుకుని పక్క పలక మీద పోసుకోవాలి. మడి, ఎంగిలి తెలిసిన ఇళ్లలో పెరిగినవారికి ఈ నియమం విడిగా నేర్పనక్కరలేదు. అది తెలియని విదేశీయులే పనిమనిషి దగ్గర మొదటి రోజే చిన్నబోతారు.

ఇల్లు కొనాలన్న ఆలోచనను కనీసం ఒక ఏడాది వాయిదా వేయాలి. గ్వాటెమాలా రాజ్యాంగంలోని 122వ అధికరణం సరస్సుల ఒడ్డు చుట్టూ 200 మీటర్ల మేర భూమిని ప్రభుత్వానికి రిజర్వు చేసింది. పట్టణ ప్రాంతాలకు, పాత రిజిస్టర్డ్ హక్కులున్న భూములకు మినహాయింపులున్నా, అమ్మేవారు చూపించే కాగితం దేన్ని అమ్ముతోందో, యాజమాన్యాన్నా లేక స్వాధీనాన్నా అన్నది సొంత న్యాయవాదితో చదివించుకోకుండా డబ్బు ఇవ్వకూడదు. అమ్మేవారి న్యాయవాదే మీ పని కూడా చూస్తానంటే ఒప్పుకోవద్దు.

గాలి వేళ, పడవ వేళ

సరస్సు చుట్టూ ఉన్న ఊళ్లలో కొన్నింటికి రోడ్డు సరిగా లేదు, శాంతా క్రూస్, హైబాలితో లాంటి చోట్లకు పడవే దారి. ఆ పడవను ‘లాంచా’ అంటారు. మన గోదావరి లాంచీ పేరు ఇంగ్లీషు ద్వారా ఈ స్పానిష్ మాట నుంచే వచ్చింది. పొద్దున నీరు అద్దంలా ఉంటుంది. మధ్యాహ్నం అయ్యేసరికి దక్షిణపు తీరమైదానాల వేడిగాలి కొండలు దాటివచ్చి ఇక్కడి చల్లగాలిని తాకడంతో ‘షొకొమిల్’ అనే గాలి లేస్తుంది, అలలు ఎగుస్తాయి. అందుకని బ్యాంకు పని, వైద్యుని దగ్గరికి వెళ్లడం, బరువులు తెచ్చుకోవడం అన్నీ ఉదయానికే పెట్టుకోవాలి. మధ్యాహ్నం తప్పనిసరిగా ఎక్కవలసివస్తే వెనుక వరుసలో కూర్చోవాలి, ఎందుకంటే ముందు భాగం అల మీదికి లేచి దబ్బున పడుతుంది, నడుము నొప్పి ఉన్నవారికి అది ప్రమాదమే. ల్యాప్‌టాప్‌ను రెండు ప్లాస్టిక్ సంచుల్లో చుట్టి ఒళ్లో పెట్టుకోవాలి. చీకటి పడ్డాక మామూలు పడవలు ఆగిపోతాయి, అప్పుడు ప్రత్యేకంగా మాట్లాడుకోవలసిన పడవకు ఖర్చు ఎన్నో రెట్లు ఉంటుంది.

పడవ ఛార్జీ స్థానికులకు ఒకటి, విదేశీయులకు ఒకటి ఉండటం మామూలు. దీని మీద రేవులో గొడవపడేవారిని చూస్తుంటే నాకు బాధ కలుగుతుంది. ఇంటి యజమానిని అడిగి మామూలు రేటు తెలుసుకుని, దిగేటప్పుడు సరిపడా చిల్లర చేతిలో పెడితే వాదన రాదు. కొన్ని నెలలు అదే రేవులో అదే పడవవారికి కనబడితే రేటు దానంతటదే తగ్గుతుంది.

ఊరి లోపల తిరగడానికి ఆటోలు ఉన్నాయి. వాటిని ‘తుక్‌తుక్’ అంటారు, చాలావరకు మన బజాజ్ ఆటోలే. ఛార్జీ మనిషికింత అని లెక్క కాబట్టి ఎక్కే ముందే అడగాలి. పైన కొండ మీద ఉన్న సొలొలా ఊరికి 8 కిలోమీటర్ల మలుపుల దారిలో బస్సు వెళుతుంది. ఇవి అమెరికాలో బడిపిల్లల కోసం వాడి అమ్మేసిన బస్సులు, ఇక్కడ రంగులద్దుకుని ‘కమియొనెతా’లయ్యాయి. రాజధానికి వెళ్లేరోజు, ముఖ్యంగా విమానం ఉన్నరోజు, రోడ్డు దిగ్బంధాలు ఉన్నాయేమో ముందురోజే కనుక్కుని, వీలైతే ఒక రాత్రి ముందే వెళ్లాలి.

వంటిల్లు

తెలుగువారికి ఇక్కడ అన్నిటికన్నా సుఖంగా కుదిరేది వంటిల్లే, కాకపోతే కొన్ని సంగతులు ముందే తెలియాలి. ఇంత ఎత్తులో నీళ్లు సుమారు 95 డిగ్రీలకే మరుగుతాయి. మూతపెట్టి గిన్నెలో వండితే శనగలు గంటలు గంటలు ఉడికినా బిరుసుగానే ఉంటాయి. కాబట్టి ప్రెషర్ కుక్కరు తప్పనిసరి, అందులోనూ మన ఊళ్లో మూడు కూతలకు అయ్యే పప్పుకు ఇక్కడ నాలుగైదు పెట్టాలి. కుక్కరు, దానికి రెండు రబ్బరు వాషర్లు మన దగ్గరి నుంచే తెచ్చుకోవాలి. మిక్సీ మాత్రం తెచ్చుకోవద్దు. ఇక్కడి కరెంటు 110 నుంచి 120 వోల్టులు, మన మిక్సీ 230 వోల్టులది, దానికి ఇక్కడ ప్రాణం ఉండదు. స్థానికంగా దొరికే బ్లెండరులో చల్లటి నీళ్లు పోసుకుంటూ కొంచెం కొంచెంగా రుబ్బితే ఇడ్లీపిండి బాగానే వస్తుంది. రాత్రి చలికి పిండి పులవదు కాబట్టి గిన్నెకు దుప్పటి చుట్టి, లైటు వేసిన ఓవెన్‌లో పెట్టాలి. పచ్చడి నూరుకోవడానికి సంతలో మొక్కజొన్న, టమాటా నూరే రాయి దొరుకుతుంది. అది అచ్చంగా మన సన్నికల్లే, పొత్రంతో సహా.

పనహచెల్ సంత రోజూ ఉన్నా ఆదివారం నిండుగా ఉంటుంది, సొలొలాలో మంగళ, శుక్రవారాలు పెద్ద సంత. అక్కడికి వెళ్లినవారు పేరు తెలియక వదిలేసే వస్తువులు చాలా ఉన్నాయి. ‘గ్విస్కిల్’ అంటే సీమవంకాయ. అది పుట్టిందే ఈ ప్రాంతంలో. ‘బ్లెదో’ తోటకూర. ‘యెర్బా మోరా’ మన కామంచి ఆకుకు దగ్గరి చుట్టం, ఉడికించి పప్పులో వేస్తే అద్భుతంగా ఉంటుంది. ‘తమరిందో’ చింతపండు. ‘పనేలా’ అచ్చుబెల్లం. ‘మనియా’ వేరుశనగ, ‘అహోన్హొలీ’ నువ్వులు, ‘కుర్కుమా’ పసుపు. ‘అనోనా’ సీతాఫలం జాతి పండు, ‘చీకో’ సపోటా. ఎండబెట్టి కుప్పలు పోసి అమ్మే ఎర్రటి ‘రోసా దె హమైకా’ గోంగూర జాతి మొక్క కాయల మీది ఎర్రని పొరలే. వాటితో ఇక్కడ చల్లటి పానీయం చేస్తారు, నానబెట్టి ఎండుమిరపకాయలతో నూరితే పుల్లటి పచ్చడి అవుతుంది. మిరపకాయల్లో ‘కొబనేరో’ ఘాటైనది, ‘గ్వాకె’ రంగుకూ రుచికీ వాడేది. గ్వాటెమాలా ప్రపంచానికి ఏలకులు ఎగుమతి చేసే దేశాల్లో మొదటి వరుసలో ఉన్నా, ఇక్కడి వంటల్లో వాటి వాడకం చాలా తక్కువ. పాయసానికి ఏలకులు తెచ్చుకోనక్కరలేదన్నమాట. తెచ్చుకోవలసినవి కందిపప్పు, మినపప్పు, ఇంగువ, ఎండిన కరివేపాకు. కరివేపాకు మొక్కను, విత్తనాలను పెట్టెలో దాచి తేవద్దు, అది ఇక్కడి రైతుల పంటలకు ముప్పు తెచ్చే పని.

తూకం కిలోల్లో కాదు, ‘లిబ్రా’ల్లో ఉంటుంది. ఒక లిబ్రా సుమారు 450 గ్రాములు. ఆకుకూరలు, పచ్చిగా తినే కూరగాయలు తెచ్చాక కడిగి, క్రిమిసంహారక చుక్కలు కలిపిన నీళ్లలో పావుగంట నానబెట్టాలి. కుళాయి నీళ్లు తాగకూడదు. 5 గ్యాలన్ల డబ్బాలు ఇంటికి తెచ్చి ఇస్తారు, లేదా ఈ దేశంలోనే తయారయ్యే మట్టి ఫిల్టరు కొనుక్కోవచ్చు. ఇక్కడికి వచ్చిన మొదటి నెలలో నేను కుళాయి నీళ్లతో పళ్లు తోముకుని వారం రోజులు మంచాన పడ్డాను. కడుపునొప్పి రెండురోజులు దాటితే సొంతవైద్యం మానుకుని, ప్రయోగశాలలో మల పరీక్ష చేయించుకుని, వచ్చిన ఫలితాన్ని బట్టే మందు వాడాలి. అమీబాకు, జియార్డియాకు, బాక్టీరియాకు మందులు వేరు.

శాకాహారులు ‘మాంసం లేకుండా’ అని మాత్రం అడిగితే కోడిమాంసం వస్తుంది, ఎందుకంటే ‘కార్నె’ అనే మాటకు ఇక్కడి వాడుకలో గొడ్డుమాంసమనే అర్థం ఎక్కువ. ‘నో కొమో కార్నె, ని పోయొ, ని పెస్కాదో’ అని మూడూ చెప్పాలి. అన్నంలో కోడిరసం పొడి, నల్లచిక్కుళ్ల ముద్దలో, ఆకుల్లో చుట్టి ఉడికించే మొక్కజొన్న ముద్దలైన తమాలెలలో పందికొవ్వు పడటం మామూలే కాబట్టి ‘మంతేకా దె సెర్దో’ వేశారా అని కూడా అడగాలి. తోర్తియాతో ఆ భయం లేదు. మొక్కజొన్నను సున్నపు నీళ్లలో ఉడికించి, రుబ్బి, చేత్తో తట్టి పెనం మీద కాలుస్తారు, అంతే. పూటపూటకీ అప్పుడే కాల్చి అమ్మే చిన్న దుకాణానికి గుడ్డ తీసుకెళ్లి చుట్టించుకుని తెచ్చుకోవాలి. జొన్నరొట్టె తిన్న చేతికి అది పరాయి తిండిగా అనిపించదు.

మాట, మర్యాద

స్పానిష్ రాకుండా ఇక్కడ బతకవచ్చు, విదేశీయుల హోటళ్లకే పరిమితమై చాలామంది అలాగే బతుకుతున్నారు. నేను మాత్రం వచ్చిన వారంలోనే పాఠాలు మొదలుపెట్టమని గట్టిగా చెబుతాను. పనహచెల్‌లోనూ, అగ్నిపర్వతం పేరే ఉన్న సాన్ పెద్రో ఊళ్లోనూ ఒక్కొక్కరికే విడిగా చెప్పే బడులు చాలా ఉన్నాయి. తెలుగు నాలుకకు ఈ భాష కష్టం కాదు. స్పానిష్‌లోని త, ద, ర శబ్దాలు ఇంగ్లీషు వాటికన్నా మన త, ద, ర లకే దగ్గర. పోర్చుగీసు ద్వారా మనకు వచ్చిన మేజా, అలమార, సబ్బు, తాళపుచావి ఇక్కడ మెసా, అర్మారియో, హబోన్, యావె అన్న రూపాల్లో తోబుట్టువుల్లా ఎదురవుతాయి. మీరు, నువ్వు తేడా కూడా ఉంది. ‘ఉస్తెద్’ మీరు, ‘వోస్’ నువ్వు. సంతలో అమ్మేవారితో, పడవవారితో, పనిమనిషితో, వయసు ఎంత చిన్నదైనా, ‘ఉస్తెద్’ అనే అనాలి. పెద్దవారి పేరుకు ముందు దోన్, దోన్యా చేర్చడం మనం పేరు చివర గారు చేర్చడం వంటిదే.

కొట్టులో అడుగుపెట్టగానే వస్తువు పేరు చెప్పకూడదు. ముందు ‘బ్వేనస్ దీయాస్’ అనాలి, మధ్యాహ్నమైతే ‘బ్వేనస్ తార్దెస్’ అనాలి, బదులు విన్నాక అడగాలి. ఎవరైనా భోజనం చేస్తున్న బల్ల పక్కనుంచి వెళ్లేటప్పుడు ‘బ్వేన్ ప్రొవెచో’ అనడం, తెలియనివారికైనా, మర్యాద. ఇంకొక మాట చెవిలో వేసుకోవాలి. పనివాడో గుమాస్తానో ‘ఫీహెసె కె...’ అని మొదలుపెడితే, దాని మాటకు మాట అర్థం ‘చూడండి’ అనే అయినా, తర్వాత రాబోయేది కుదరలేదన్న సంగతే. మొహం మీద లేదనడం ఇక్కడ మొరటుతనం. కోప్పడితే పని ఇంకా ఆలస్యమవుతుంది, ‘మరి ఎప్పుడు రమ్మంటారు’ అని నెమ్మదిగా అడిగితే నిజమైన తేదీ వస్తుంది.

స్పానిష్ ఇక్కడి చాలామందికి రెండో భాష. పనహచెల్, శాంతా కతరీనా పలొపో వైపు కక్చికెల్, సాంతియాగో, సాన్ పెద్రో, సాన్ హువాన్ వైపు త్సుతుహిల్ మాట్లాడతారు. ఇవి మాయా కుటుంబానికి చెందిన వేరువేరు భాషలు, యాసలు కావు. కక్చికెల్‌లో కృతజ్ఞతకు ‘మత్యోష్’ అంటారు. ఆ ఒక్క మాట వాడితే కూరగాయలమ్మే ఆమె ముఖం ఎలా విప్పారుతుందో చూసినవారికి రెండో మాట నేర్చుకోవాలనిపిస్తుంది. ఆడవారు కట్టుకునే ‘కోర్తె’ అనే చుట్టు పావడాలో నూలును కట్లు కట్టి రంగులద్ది నేసిన ‘హస్పె’ కనిపిస్తుంది. పోచంపల్లి ఇక్కత్ చేసే పద్ధతీ ఇదే. ఆ సంగతి చెప్పి ఫోన్‌లో పోచంపల్లి చీర చూపించినప్పుడు సాన్ హువాన్ నేతగత్తెలు దాన్ని వేళ్లతో పెద్దది చేసి అంచులు చూశారు. అనుమతి అడగకుండా వారిని ఫోటో తీయవద్దు, వారు నెలలు కష్టపడి నేసిన హుయిపీల్ రవికె దగ్గర సగానికి సగం బేరమాడవద్దు.

కాగితాలు, డబ్బు, ఆపద

ఇండియా పాస్‌పోర్టు ఉన్నవారు వీసా నియమాలను, అమెరికా వంటి దేశాల వీసా ఉంటే వర్తించే మినహాయింపులను ఢిల్లీలోని గ్వాటెమాలా రాయబార కార్యాలయంలో ముందే అడిగి రావాలి. సందర్శకులకు మామూలుగా ఇచ్చేది 90 రోజులు. గ్వాటెమాలా, ఎల్ సాల్వదోర్, హోండురాస్, నికరాగ్వాల మధ్య ఒప్పందం ప్రకారం ఆ నాలుగు దేశాలకూ కలిపి ఒకే లెక్క కాబట్టి హోండురాస్ వెళ్లివస్తే రోజులు కొత్తగా మొదలుకావు. పొడిగింపు కావాలంటే గడువుకు రెండు మూడు వారాల ముందే రాజధానిలోని వలసల కార్యాలయానికి వెళ్లాలి.

సంతలో, పడవలో, ఆటోలో నగదే నడుస్తుంది. 100 కెట్సాల్‌ల నోటుకు చిల్లర దొరకదు, బ్యాంకులోనే చిన్న నోట్లు అడిగి తీసుకోవాలి. ఏటీఎం బ్యాంకు లోపల ఉన్నదే వాడాలి, రెండో కార్డును ఇంట్లో విడిగా ఉంచాలి. ఇంటికి ఫోన్ చేయడానికి రాత్రి 8 గంటలు మంచి వేళ, అప్పుడు మన దగ్గర మర్నాడు ఉదయం 7:30 అవుతుంది.

పోలీసులకు 110, వాలంటీర్ అగ్నిమాపక దళానికి 122, పర్యాటకుల సహాయానికి 1500. ఇక్కడ అంబులెన్సు కూడా చాలావరకు అగ్నిమాపక దళానిదే. సాంతియాగోలో ఆసుపత్రి, సొలొలాలో ప్రభుత్వాసుపత్రి ఉన్నాయి, గుండె, మెదడు సంబంధమైనవాటికి రాజధానికే వెళ్లాలి. గుండెజబ్బు ఉన్నవారు, నెలలు నిండుతున్నవారు రోడ్డు లేని ఊళ్లో ఇల్లు తీసుకోకూడదు, రాత్రి గాలిలో పడవ ప్రయాణం చేయించవలసివస్తుంది. చెప్పులు, బూట్లు తొడిగే ముందు దులపాలి, తేళ్లుంటాయి. కొండదారుల్లో దోపిడీలు జరిగిన సందర్భాలున్నాయి కాబట్టి ఊరిలోని గైడును వెంట తీసుకెళ్లాలి.

నీళ్లకు మనం చేసే హాని

చుట్టూ ఉన్న ఊళ్ల మురుగులో పెద్ద భాగం, పొలాల ఎరువు సరస్సులోకే చేరుతాయి, బయటికి పోవు. 2009లో నీలి-ఆకుపచ్చ నాచు నీటిమీద విస్తారంగా పరుచుకుంది. అంతకు చాలా ముందే, 1950ల చివర్లో, వేటగాళ్ల వినోదానికని బయటి నుంచి తెచ్చి వదిలిన బాస్ చేపలు చిన్న చేపలను తినేశాయి. ఈ సరస్సులో తప్ప మరెక్కడా లేని ‘పోక్’ అనే ఎగరలేని నీటిపక్షి అంతరించిపోవడానికి అదొక ముఖ్య కారణం. ఈ చరిత్ర తెలిశాక మనం పారబోసే బకెట్టు కూడా లెక్కలోకి వస్తుంది. ఫాస్ఫేటు లేని సబ్బు వాడాలి, సెప్టిక్ ట్యాంకు లేని ఇల్లు అద్దెకు తీసుకోకూడదు, సంతకు గుడ్డసంచి పట్టుకెళ్లాలి. సాన్ పెద్రో లా లగూనా 2016లోనే ఒకసారి వాడిపారేసే ప్లాస్టిక్ సంచులను, స్ట్రాలను నిషేధించింది. అక్కడికి ప్లాస్టిక్ సంచితో దిగడం ఆ ఊరిని అగౌరవపరచడమే.

పండుగల వేళ

తెల్లవారుజామున 5 గంటలకు వీధిలో టపాకాయలు పేలితే భయపడనక్కరలేదు, ఎవరిదో పుట్టినరోజు. అక్టోబరు 4కు అటూ ఇటూ పనహచెల్ ఊరి పండుగ, సాన్ ఫ్రాన్సిస్కో అనే పునీతునిది. ఆ వారం నిద్ర తక్కువే. ఈస్టరుకు ముందువచ్చే పవిత్రవారంలో దేశమంతా ఇక్కడికే వచ్చినట్టుంటుంది, బుధవారానికల్లా బియ్యం, నీళ్లు, మందులు, నగదు ఇంట్లో పెట్టుకోవాలి. ఊరేగింపు సాగే వీధుల్లో రంగు కలిపిన రంపపుపొట్టుతో, పూలతో, పైన్ ఆకులతో తివాచీలు తీరుస్తారు. కొద్ది గంటల్లో ఊరేగింపు వాటి మీదుగానే నడిచిపోతుంది. మీ వీధి కూడా ఆ దారిలో ఉంటే ముందురోజే పక్కింటివారిని సాయం చేయవచ్చా అని అడగండి. సంక్రాంతికి ముగ్గు పెట్టిన చేతివాటం ఉన్నవారికి పసుపురంగు పొట్టు గిన్నె ఇచ్చి, ఒక మూల అప్పజెబుతారు.